ఆ బాకీ ఎప్పుడో తీరిపోయింది

ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ జాతీయ కార్యవర్గ సభ్యులకు,
పార్టీ ప్రధాన కార్యాలయం, లుతులీ హౌస్, జొహానెస్‌బర్గ్.

కామ్రేడ్లకు నమస్కారం.

ఉత్తరం తెలుగులో ఎందుకుందని మీలో ఎవరికైనా అనుమానం వస్తే, మీ దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో సెక్షన్ తీయండి. అధికార భాషల జాబితా అయ్యాక, ఈ దేశంలో మాట్లాడే మరికొన్ని భాషలను కూడా ప్రోత్సహించాలి, వాటికి గౌరవం దక్కేలా చూడాలి అని ఉంటుంది. జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, ఆ వెంటనే తెలుగు. స్పెల్లింగులో ఒక అక్షరం తప్పుపోయి 'తెలెగు' అని అచ్చయింది. పోనివ్వండి. 1860 నవంబర్‌లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి మొదటి విడత కూలీలను తెచ్చి డర్బన్‌లో దింపిన నాటి నుంచీ మా పేర్లను ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తూనే ఉన్నారు, మాకు అలవాటే. ఆ రాజ్యాంగం రాసిన సభకు అధ్యక్షత వహించింది సిరిల్ రామఫోసా. ఇప్పుడు పార్టీకీ ఆయనే అధ్యక్షుడు, దేశానికీ ఆయనే. కాబట్టి తెలుగులో వచ్చిన ఉత్తరాన్ని పక్కన పడేసే హక్కు మీ అందరిలోకీ ఆయనకే తక్కువ.

నేను ఫార్మసిస్టుని. సొంతూరు విశాఖపట్నం. 2001లో మావారి ఉద్యోగం వల్ల జొహానెస్‌బర్గ్ వచ్చాం, ఉండిపోయాం. మా ఇద్దరికీ ఇక్కడ పన్ను ఉంది, ఓటు లేదు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయికి రెండూ ఉన్నాయి. ఈ ఉత్తరంలో సగం కోపం నాది, సగం తనది.

మా నాన్న మర్చంట్ నేవీలో ఇంజనీరు. ఆయన పాత పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. అట్ట మీద మూడు సింహాలు సగం చెరిగిపోయాయి, లోపల మాత్రం అక్షరాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. అది ఏ దేశాలకు చెల్లుతుందో రాసిన చోట, దక్షిణాఫ్రికాకు తప్ప అని ఉంటుంది. లోకమంతా తిరిగిన మనిషి ఆ ఒక్క దేశానికి ఎందుకు వెళ్లకూడదో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. "అక్కడ మనిషిని రంగు చూసి కూర్చోబెడతారు, రంగు చూసి లేపుతారు. అది మారేదాకా మనం ఆ గుమ్మం తొక్కం" అనేవారు నాన్న. మాకే ఇంకా స్వాతంత్ర్యం రాని 1946లోనే ఇండియా మీ దేశంతో వ్యాపారం తెంచుకుంది. 1990 ఫిబ్రవరి 11, ఆదివారం. మండేలా జైలు నుంచి నడిచి వస్తున్న బొమ్మ ఆ రాత్రి వార్తల్లో చూసి నాన్న లేచి నిలబడ్డారు. జనగణమన వస్తే తప్ప టీవీ ముందు ఆయన నిలబడగా నేను చూడలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉత్తరం మీ శత్రువు రాసింది కాదని తెలియడానికి. మీ పేరు మా ఇంట్లో దేవుడి గది దాకా వెళ్లిన పేరు.

అసలు సంగతికి వస్తాను. ఏ సభలో మాట్లాడినా మీరు ఒక లెక్కల పుస్తకం తెరుస్తారు. అందులో మొదటి పద్దు ఎప్పుడూ ఒకటే: మేం మీకు స్వేచ్ఛ తెచ్చాం. అది అబద్ధమని ఎవరూ అనరు. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది శవాలయ్యారు. మీవాళ్లు రాబెన్ ఐలండ్ జైల్లో సున్నపురాళ్లు కొట్టి కళ్లు పాడుచేసుకున్నారు. దేశం వదిలి లుసాకాలో, టాంజానియా క్యాంపుల్లో వయసంతా గడిపేశారు. దానికి జనం మీకు బాకీ పడ్డారు, ఒప్పుకుంటాను. ఆ బాకీ 1994 నుంచి 2019 దాకా ఆరు వాయిదాల్లో కట్టారు. 1994లో 62 శాతం ఓట్లు, 2004లో దాదాపు 70 శాతం. ఇంత నమ్మకంగా వాయిదాలు కట్టే మనుషులు ఏ బ్యాంకుకీ దొరకరు. 2024 మే 29న మీకు 40 శాతం వేసి, ఇక పుస్తకం మూసేయమన్నారు. మీరింకా మూయలేదు.

మా భాషలో ఒక సామెత ఉంది. మా తాతలు నేతులు తాగారు, కావాలంటే మా మూతులు వాసన చూడండి అంటారు. తాతలు తాగింది నిజమే. కానీ వాసన చూపించేవాడు ఇంట్లో వెన్న చిలికి ఎన్నాళ్లయిందో అడగాల్సి వస్తోంది.

మీరు చేసినవి లేవని కాదు. 30 లక్షలకు పైగా ఇళ్లు కట్టించారు, కోటీ ఎనభై లక్షల మందికి పైగా ప్రతినెలా గ్రాంటు ఇస్తున్నారు. నెల మొదటి వారంలో మా షాపుకొచ్చే ముసలమ్మలను అడిగితే ఆ గ్రాంటు విలువ ఏమిటో చెబుతారు. ఇంట్లో సంపాదించే కొడుకు ఉండడు, ఆ డబ్బు మీదే నలుగురు మనవలు. ఇది చిన్న పని కాదు. మా అమ్మాయి తరం ఇది ఒప్పుకోదు, నేను ఒప్పుకుంటాను.

నా వృత్తి వల్ల నేను మర్చిపోలేనిది ఇంకొకటి ఉంది. అది మీ గొప్పా, మీ నేరమూ రెండూను.

1997లో మీ ప్రభుత్వం చవక మందులకు దారి తెరిచే చట్టం చేస్తే 39 మందుల కంపెనీలు కోర్టుకెక్కాయి. మీరు వెనక్కి తగ్గలేదు. ప్రపంచమంతా మీ వెనక నిలబడింది. 2001 ఏప్రిల్‌లో ఆ కంపెనీలే కేసు వెనక్కి తీసుకున్నాయి. అదే ఏడాది ఒక భారతీయ కంపెనీ, మనిషికి ఏడాదికి వేల డాలర్లు పలికే ఎయిడ్స్ మందుల్ని 350 డాలర్లకు ఇస్తానంది. ఫార్మసీ చదివిన ఎవరికైనా ఒళ్లు పులకరించే వార్త అది. నేను విమానం దిగింది ఆ సంవత్సరమే. దిగాక తెలిసింది, మందు చవకైన దేశంలో మందు ఇవ్వరని. హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందా అన్నది అధ్యక్షుడు ఎంబెకీకి అనుమానం. ఆరోగ్య మంత్రికి మాత్రం అనుమానమే లేదు, ఆవిడ వెల్లుల్లి, నిమ్మకాయ, బీట్‌రూట్ తినమనేవారు.

2002లో నాకింకా ఇక్కడి రిజిస్ట్రేషన్ రాలేదు, ఒక మందుల షాపులో అసిస్టెంటుగా కౌంటర్ దగ్గర నిలబడేదాన్ని. ఒక సాయంత్రం ఇరవై ఏళ్ల పిల్ల వచ్చింది. వీపున తువ్వాలుతో కట్టుకున్న పసివాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం నా ముందు పెట్టి, దీనికి మీ దేశంలో మందు చేస్తారట కదా అని అడిగింది. ధర చెప్పాను. కాసేపు అలాగే నిలబడి, మంత్రిగారు వెల్లుల్లి మంచిదన్నారు, అదైనా ఇవ్వండి అంది. వెల్లుల్లి క్యాప్సూల్స్ ఉన్న డబ్బా ఒకటి ఇచ్చి, డబ్బు తీసుకుని, బిల్లు కొట్టాను. ఈ దేశంలో నేను చేసిన అమ్మకాల్లో నిద్ర పట్టనివ్వనిది అదొక్కటే. ఆ పిల్ల మళ్లీ రాలేదు.

తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే నెవిరపిన్ ఇవ్వండని ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ వాళ్లు కోర్టుకెళితే, రాజ్యాంగ న్యాయస్థానం 2002 జులైలో మీ ప్రభుత్వానికి ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. ఆ క్యాంపెయిన్ నాయకుడు జాకీ అక్మట్ మీ పార్టీవాడే. అందరికీ ఇచ్చేదాకా నేనూ మందు వేసుకోనని మొండికేశాడు. మండేలా అతని ఇంటికెళ్లి బతిమాలారు, 'హెచ్‌ఐవీ పాజిటివ్' అని రాసున్న టీషర్టు తొడుక్కున్నారు. ఆ ఆలస్యానికి మూడు లక్షల ముప్పై వేల మందికి పైగా చనిపోయి ఉంటారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కగట్టారు. మూడు లక్షలంటే ఎంతమందో ఊహకందదు, నాకు ఆ ఒక్క పిల్లే గుర్తొస్తుంది.

తర్వాత మీరే దిద్దుకున్నారు. ఇవాళ 50 లక్షలకు పైగా మనుషులు రోజుకో మాత్ర వేసుకుని బతుకుతున్నారు, ప్రపంచంలో ఇంత పెద్ద కార్యక్రమం ఇంకెక్కడా లేదు. డబ్బా తిప్పి చూస్తే హైదరాబాద్ అడ్రసు కనబడుతుంది చాలాసార్లు. తెలుగు రాని వాళ్లకు ఆ అడ్రసు చదివి వినిపించడం నాకో సరదా. మరి దిద్దుకున్నారు కదా, ఇంకా ఎందుకు ఎత్తుతావు అంటారేమో. అప్పుడు మీ కార్యవర్గంలో నోరు మూసుకుని కూర్చున్న డాక్టర్లు, నర్సులు, చదువుకున్నవాళ్లు ఎందరు? పార్టీ పరువు ముఖ్యమా, మనిషి ప్రాణమా అన్న ప్రశ్న వచ్చిన మొదటిసారి మీరు ఏ జవాబు ఎంచుకున్నారో, తర్వాత వచ్చిన ప్రతిసారీ అదే జవాబు. ఎంబెకీ తర్వాత అధ్యక్షుడైన జాకబ్ జూమా కాలాన్నే అందరూ అవినీతి కాలం అంటారు. నా లెక్కలో జూమా కాలం జూమాతో మొదలవలేదు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను, మీకూ వినీ వినీ విసుగు. కొత్త ప్లాంట్లు కట్టకపోతే 2007కి కరెంటు చాలదని మీ ప్రభుత్వమే 1998లో శ్వేతపత్రంలో రాసుకుంది. సరిగ్గా 2007 చివర్లో కోతలు మొదలయ్యాయి. పంచాంగం కూడా అంత కచ్చితంగా చెప్పదు. తప్పు మాదేనని ఎంబెకీ అప్పుడు ఒప్పుకున్నారు, ఆ మాత్రం మర్యాద ఉండేది. ఆ తర్వాత మెడూపి, కుసిలె ప్లాంట్లు. వాటి బాయిలర్ల కాంట్రాక్టు దక్కిన హిటాచీ స్థానిక కంపెనీలో పాతిక శాతం వాటా చాన్సలర్ హౌస్‌ది. చాన్సలర్ హౌస్ మీ పార్టీ పెట్టుబడుల సంస్థ. టెండరు ఇచ్చేది ప్రభుత్వ సంస్థ, లాభం వచ్చేది పార్టీకి. దీని మీద అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ కేసు వేస్తే హిటాచీ 2015లో 1.9 కోట్ల డాలర్లు కట్టి బయటపడింది. మీరేమీ కట్టలేదు. కట్టింది మేం. 2023లో దాదాపు రోజూ కోతే. కోతలు బాగా ముదిరిన స్టేజ్ 6 రోజుల్లో ఇన్సులిన్‌ను ఫ్రిజ్ నుంచి థర్మాకోల్ పెట్టెలోకి, పెట్టె నుంచి ఫ్రిజ్‌లోకి మారుస్తూ, థర్మామీటరు చూసుకుంటూ రాత్రి షాపులోనే పడుకున్న రోజులున్నాయి. బయట పెట్రోలు జనరేటర్ల మోత. ఆ టెన్షన్ మీ మంత్రుల బంగళాలకు తెలియదు, అక్కడ జనరేటర్లు ప్రభుత్వానివి.

పార్టీకి కావాల్సినవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టే పద్ధతికి మీరు 'కేడర్ డిప్లాయ్‌మెంట్' అని మంచి పేరు పెట్టుకున్నారు. మా ఊళ్లో దీన్ని 'మనోడు' అంటారు. ప్రభుత్వ ఆఫీసులన్నీ తెల్లవాళ్ల చేతిలో ఉన్న 1990ల్లో అది అవసరమే అనుకుందాం. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఎందుకు? రాజ్యాంగం దీన్ని ఒప్పుకోదని, జూమా కాలం అవినీతిని విచారించిన జొండో కమిషన్ 2022లో రాసింది. ఆ కమిషన్ వేసిందీ మీ ప్రభుత్వమే, ఆ నివేదిక అటక మీద పెట్టిందీ మీరే.

గుప్తాల గురించి రాయాలంటే నాకే సిగ్గేస్తుంది. సహారన్‌పూర్ నుంచి వచ్చి, జూమాకు దగ్గరై, ప్రభుత్వ కాంట్రాక్టులు దండుకున్నారని పేరుపడ్డ ముగ్గురు అన్నదమ్ములు. 2013లో వాళ్లింటి పెళ్లికి ఇండియా నుంచి వచ్చిన అతిథుల విమానం వాటర్‌క్లూఫ్ వైమానిక స్థావరంలో దిగింది. యుద్ధ విమానాలు దిగే చోట పెళ్లివారు. అప్పటి నుంచి ఏ టాక్సీ ఎక్కినా డ్రైవరు అద్దంలో నన్ను చూసి "గుప్తా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో వ్రేడ అనే చిన్న ఊళ్లో పేద నల్లజాతి రైతుల కోసమని ఒక డెయిరీ పెట్టారు. రైతుల పేర్లు కాగితం మీద, డబ్బు గుప్తాల మనుషుల దగ్గర. ఆ రైతులకు ఆవు కాదు కదా, పేడ కూడా దక్కలేదు. ఎన్‌కాండ్లాలో జూమా సొంతింటికి భద్రత పేరుతో 24.6 కోట్ల ర్యాండ్ల ప్రజాధనం పెట్టారు. అక్కడ తవ్వించిన ఈత కొలను మంటలార్పడానికేనని 2015లో పోలీసు మంత్రి చెమటలు తుడుచుకుంటూ టీవీలో చెప్పారు. ఆ రోజు దేశమంతా నవ్వింది. మీరు పార్లమెంటులో చప్పట్లు కొట్టారు. యేసుప్రభువు మళ్లీ వచ్చేదాకా మా పార్టీదే పాలన అని జూమా ఎన్నోసార్లు అన్నారు. ఆయన ఆ మాట అన్నప్పుడు కూడా చప్పట్లే.

ఇప్పుడు ఫీనిక్స్. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి.

డర్బన్‌కు ఉత్తరాన ఇనాండా ప్రాంతానికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. కొద్ది కిలోమీటర్ల దూరంలోనే మూడు చరిత్రలు పక్కపక్కన ఉంటాయి. గాంధీ 1904లో పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమం ఒకటి. మీ పార్టీ మొదటి అధ్యక్షుడు జాన్ డూబే పెట్టిన ఒహ్లాంగె బడి ఒకటి. ఆ బడిలోనే 1994 ఏప్రిల్ 27న మండేలా ఓటు వేశారు, వేసి డూబే సమాధి దగ్గరికెళ్లి, అధ్యక్షా, దేశానికి స్వేచ్ఛ వచ్చిందని చెప్పడానికి వచ్చాను అన్నారు. మూడోది, రంగుల వారీగా మనుషులను విడదీసే చట్టం కింద 1976 నుంచి భారతీయులను తెచ్చి పోసిన ఫీనిక్స్ టౌన్‌షిప్. ఆ ఊళ్లో మాకు ఒక పెద్దావిడ పరిచయం. ముత్తాత ఓడ దిగిన తెలుగువాడు. ఆవిడకు తెలుగు మాటలు ఓ ఇరవై వచ్చు, రామభజన పాటలు మాత్రం అచ్చు తప్పకుండా పాడుతుంది, అర్థం తెలియకుండా. అర్థం నన్నడిగి చెప్పించుకునేది. "మా ఓటు మండేలాకే" అనేది 2014 దాకా, ఆయన పోయాక కూడా.

2021 జులై 7 రాత్రి కోర్టు ధిక్కారం కింద జూమాను జైలుకు తీసుకెళ్లారు. మర్నాటి నుంచి మంటలు. వారం రోజుల్లో 350 మందికి పైగా చనిపోయారు. గోడౌన్లు, మాల్స్ తగలబడ్డాయి, మందుల షాపులూ మిగల్లేదు. పోలీసులు కనబడలేదు. ఫీనిక్స్‌లో మనుషులు వీధులకు అడ్డంగా కార్లు, టైర్లు పెట్టి తుపాకులు పట్టుకుని కూర్చున్నారు. ఆ చుట్టుపక్కల 36 మంది చనిపోయారు, ఎక్కువమంది నల్లజాతివాళ్లే. పెద్దావిడ ఫోనులో మాట్లాడుతుంటే వెనక చప్పుళ్లు వినబడ్డాయి. "1985 మళ్లీ వచ్చిందమ్మా" అంది. 1985లో ఇనాండాలో భారతీయుల ఇళ్లు, షాపులు తగలబడ్డాయి, గాంధీ ఆశ్రమమూ కాలిపోయింది. ఆ భయం నిజమైనదే. కానీ రెండు రోజుల తర్వాత ఆవిడే మళ్లీ ఫోన్ చేసి, తన దగ్గర పదేళ్లు పనిచేసిన మనిషి కొడుకు పనికెళ్లి ఇంటికి రాలేదట, ఆవిడకు నా మొహం ఎలా చూపించను అని ఏడ్చింది.

ఫీనిక్స్‌లో తుపాకి పట్టిన చేతులు మావాళ్లవి. ఆ పాపం మీ నెత్తిన రుద్దను. ఆ లెక్క మేమే మా గుళ్లలో, మా ఇళ్లలో తేల్చుకోవాలి. ఇంకా సరిగ్గా మొదలుపెట్టలేదు కూడా.

కానీ అగ్గిపుల్ల ఎవరిది? మీ పార్టీలోని వర్గాల కొట్లాట దేశ భద్రతకే ముప్పుగా మారిందని రామఫోసా వేసిన నిపుణుల బృందమే రాసింది. ఇది కుట్రతో చేసిన తిరుగుబాటని అధ్యక్షుడు అంటే, కాదని రక్షణ మంత్రి అన్నారు. ఇద్దరూ ఒకే పార్టీ, ఒకే ప్రభుత్వం. 1947 మార్చిలో మీ డాక్టర్ జూమా (ఈ జూమా కాదు, ఆల్ఫ్రెడ్ జూమా), ఇక్కడి భారతీయుల సంస్థలైన ఇండియన్ కాంగ్రెస్‌ల నాయకులు డాక్టర్ దాదూ, డాక్టర్ నాయికర్ కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు, ఇకపై పోరాటం ఉమ్మడి అని. రెండేళ్లు తిరక్కుండా 1949 జనవరిలో డర్బన్‌లో జూలూలకూ భారతీయులకూ ఘర్షణలై 142 మంది పోయారు. ఒప్పందం చించేయడానికి అంతకన్నా సాకు ఏం కావాలి? చించలేదు. రెండు కాంగ్రెస్‌లూ కలిసే శాంతించండని పిలుపిచ్చాయి, మూడేళ్లకు ధిక్కార ఉద్యమంలో కలిసే జైలుకెళ్లాయి. అప్పుడు మీ చేతిలో పోలీసులు లేరు, సైన్యం లేదు, బడ్జెట్ లేదు, ఓటు కూడా లేదు. 2021లో అన్నీ ఉన్నాయి. ఫీనిక్స్‌కూ ఇనాండాకూ మధ్య రోడ్డు మీదకు వచ్చి నిలబడిన నాయకుడే లేడు. 2024లో డర్బన్ ఉన్న క్వాజులు-నటాల్ రాష్ట్రంలో మీకు 17 శాతం ఓట్లు వస్తే ఆశ్చర్యపోయినట్టు మాట్లాడారు, నాకు ఆ ఆశ్చర్యమే ఆశ్చర్యం.

ఆ జులై అయిన నెల రోజులకే, ఆగస్టు 23న, జొహానెస్‌బర్గ్‌లో బబితా దేవకరణ్‌ను ఇంటి ముందే కాల్చేశారు. గౌటెంగ్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో లెక్కలు చూసే అధికారి. టెంబిసా ఆసుపత్రి పేరు మీద పోతున్న డబ్బును పట్టుకుని, ఈ చెల్లింపులు ఆపండని రాసినావిడ. కూతుర్ని బడి దగ్గర దింపి తిరిగొస్తుంటే చంపారు. మా వృత్తిలో వాళ్లం ఆమె పేరు వింటే కాసేపు మాట్లాడం. కాల్చినవాళ్లకు శిక్ష పడింది. మీ సభల్లో ఎన్నో పేర్లకు "లాంగ్ లివ్" అంటారు కదా, ఆ పేరుకు ఎప్పుడైనా అన్నారా?

మరికానా గురించి ఒక్క మాట. 2012 ఆగస్టు 16న 34 మంది గని కార్మికులను కాల్చి చంపింది తెల్లవాళ్ల పోలీసులు కాదు, మీ పోలీసులు. అప్పట్లో ఆ గని కంపెనీ డైరెక్టర్లలో ఒకరు ఇవాళ్టి మీ అధ్యక్షుడు. ఆయన ఆ రాళ్ల గుట్ట దగ్గరికి వెళ్లి ఆ భార్యలను చూసి రావాలి.

ఇంత రాశాక ఒకటి మీ వైపు నుంచి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాన్న ఒప్పుకోరు. 2024 మే 29 రాత్రి మా అమ్మాయితో పాటు నేనూ క్యూ పక్కన నిలబడ్డాను, డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీతో. చలి. లైను కదలదు. తనకది మొదటి ఓటు. అర్ధరాత్రి దాటాక కూడా మనుషులు దుప్పట్లు కప్పుకుని నిలబడే ఉన్నారు. వెనకున్న ముసలాయన, 1994లో కూడా ఇలాగే నిలబడ్డాను, అప్పుడు ఎవరికి వేస్తానో తెలుసు, ఇప్పుడు అది తప్ప అన్నీ తెలుసు అన్నాడు. మా అమ్మాయి ఎవరికి వేసిందో నాకు చెప్పలేదు. మీకు కాదని మాత్రం చెప్పింది. "అమ్మా, వాళ్లకు థాంక్స్ చెప్పమంటావు, చెప్తాను. థాంక్స్‌కూ ఓటుకూ సంబంధం ఏంటి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నాలుగు రోజుల్లో ఫలితం తేలింది. 400 సీట్లలో మీకు 159. ముప్పై ఏళ్లలో మొదటిసారి మెజారిటీ పోయింది. మీ చేతిలో సైన్యం ఉంది, పోలీసులున్నారు. పక్క దేశం జింబాబ్వేలో మీలాంటి విమోచన పార్టీయే ఓడిపోయే ఎన్నికలను ఏం చేస్తుందో మీకు తెలుసు, 2008లో అక్కడ ఏం జరిగిందో చూస్తూ ఊరుకున్నదీ మీరే. మీరు అలా చేయలేదు. ఓడిన అంకె ఒప్పుకుని, నిన్నటిదాకా తిట్టిన డెమోక్రటిక్ అలయన్స్‌తో కలిసి రెండు వారాల్లో ప్రభుత్వం ఏర్పాటు చేశారు. రిగ్గింగ్ అని గోల చేసింది మీ పార్టీ నుంచి వెళ్లిపోయిన జూమా. ఓటమిని మీరు అంత మర్యాదగా ఒప్పుకోవడం, మీ ముప్పై ఏళ్ల పాలనలో నాకు నచ్చిన రెండు మూడు పనుల్లో ఒకటి. వెటకారంగా అనడం లేదు.

మా పక్క రాష్ట్రం తెలంగాణలో ఉద్యమ పార్టీ పుట్టింది కూడా ఏప్రిల్ 27నే, 2001లో. మీ స్వేచ్ఛా దినం తేదీ అది. రాష్ట్రం వచ్చింది, ప్రభుత్వం వచ్చింది, 2023 డిసెంబర్‌లో ఓడిపోయింది. రాష్ట్రం తెచ్చినవాళ్లమని వాళ్లూ అన్నారు. తెచ్చారు, నిజమే అనుకుంటూనే జనం వెళ్లి వేరే గుర్తు మీద నొక్కారు. అక్కడ పదేళ్లు పట్టలేదు, మీకు ముప్పై ఏళ్ల గడువు దొరికింది.

అందుకే అడుగుతున్నాను, ఓటమి ఒప్పుకున్నవాళ్లు ఆ పుస్తకం ఎందుకు మూయరు? ఎన్నికలయ్యాక మీ మహాసభల్లో అందరి నోటా ఒకటే మాట, 'రెన్యూవల్'. మా కౌంటర్ దగ్గర రెన్యూవల్ అంటే పాత మందుల చీటీనే మళ్లీ రాయించుకు రావడం. అదే మందు, అదే మోతాదు, తేదీ ఒక్కటే కొత్తది. రోగం తగ్గనప్పుడు కావాల్సింది అది కాదు.

2019 ఎన్నికలకు బ్యానర్లు వేసిన కంపెనీకి మీరు 10.2 కోట్ల ర్యాండ్లు ఎగ్గొట్టబోయారు. మేం ఆర్డరే ఇవ్వలేదన్నారు. కోర్టులో ఓడారు, అప్పీల్లో ఓడారు, లుతులీ హౌస్‌లో సామాను జప్తు దాకా వచ్చాక రాజీకొచ్చారు. ఆ బ్యానర్ల మీద మీ అధ్యక్షుడి బొమ్మ ఉంది, అవి దేశంలో ప్రతి కరెంటు స్తంభానికీ వేలాడాయి, మా వీధిలో ఒకటి రెండేళ్లు చినిగిపోతూ అలాగే ఉండిపోయింది. జనం మీకు పడిన బాకీని ముప్పై ఏళ్లు వసూలు చేసుకున్నవాళ్లు, మీరు పడిన బాకీ దగ్గర మాత్రం సంతకం మాది కాదంటారు. జొండో నివేదికలో ఉన్న పేర్లూ అంతే. వాళ్లలో మీ కార్యవర్గంలో ఇంకా ఎవరెవరున్నారో లెక్క చూసుకోండి, రాబోయే స్థానిక ఎన్నికల్లో టికెట్లు పంచేముందే. ఆ పేర్లు పక్కన పెట్టి వస్తే, మా అమ్మాయి మీ అభ్యర్థి చెప్పేది కనీసం నిలబడి వింటానంది. వేస్తానని అనలేదు.

2016లో అహ్మద్ కత్రాడా మీకు ఇలాంటిదే ఒక ఉత్తరం రాశారు. ఇరవయ్యారేళ్లు జైల్లో ఉన్న మనిషి, ఎనభై ఆరేళ్ల వయసులో, దిగిపోండని జూమాకు ఎంతో మర్యాదగా రాశారు. జవాబు రాలేదు. మరుసటి ఏడాది ఆయన అంత్యక్రియల్లో మాజీ అధ్యక్షుడు మొట్లాంతే ఆ ఉత్తరం చదివి వినిపిస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయనకే జవాబు ఇవ్వనివాళ్లు మందుల షాపు మనిషికి ఇస్తారని ఆశ లేదు. ఒకవేళ రాయాలనిపిస్తే తెలుగులోనే రాయాలని పట్టుబట్టను. జూలూలో రాసినా సరే, మా అమ్మాయి చదివి నాకు చెబుతుంది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
జొహానెస్‌బర్గ్